పసిపిల్లలకు నెమ్ము (న్యుమోనియా), ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేరిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాటేదాకా పిల్లల వార్డులో మంచం ఖాళీ అయితే గంటలో మళ్ళీ నిండిపోతుంది. హైదరాబాద్‌లో పన్నెండేళ్ళుగా అలాంటి వార్డుల్లోనే స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. బిడ్డలు మారతారు, వెంట వచ్చే అమ్మమ్మలు, నానమ్మలు మారతారు, ప్రశ్నలు మాత్రం అవే. రాత్రి రెండింటికి ఒక చేత్తో సెలైన్ సరిచేస్తూ హడావుడిగా చెప్పే జవాబులను ఇక్కడ కాస్త తీరిగ్గా రాశాను. ఇవన్నీ ఐదేళ్ళలోపు పిల్లలకు సంబంధించినవి. మందులు, మోతాదుల విషయంలో మాత్రం మీ బిడ్డను చూసిన డాక్టరు మాటే లెక్క.

## ఇంటి దగ్గర ఉండగా

మామూలు సర్దా, నెమ్మా? మాకెలా తెలుస్తుంది?

ఊపిరి లెక్కపెట్టండి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు, నిద్రలో అయితే ఇంకా మంచిది, చొక్కా పైకి లేపి పొట్ట చూడండి. పొట్ట లేచి పడితే ఒక ఊపిరి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పసివాళ్ళు కాసేపు గబగబా పీల్చి కాసేపు నెమ్మదిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు 40. ఊపిరి ఆ అంకెకు చేరినా, దాటినా డాక్టరుకు చూపించాల్సిందే. ముక్కు కారుతున్నా ఊపిరి ఆ లెక్కలోపే ఉండి, ఆడుకుంటూ, పాలు తాగుతుంటే చాలావరకు మామూలు జలుబే.

డొక్కలు ఎగరేస్తున్నాడు. పొద్దున దాకా ఆగొచ్చా?

ఆగొద్దు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోందంటే బిడ్డ ఊపిరి కోసం కష్టపడుతున్నాడని అర్థం. పాలు పట్టలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా మత్తుగా ఉండటం, పెదవులు, నాలుక నీలంగా మారడం, ఊపిరి విడిచేటప్పుడు మూలుగు, ఏడవకుండా ఉన్నప్పుడు కూడా ఊపిరి పీలిస్తే గొంతులో కీచుమనే శబ్దం, మధ్యలో ఊపిరి ఆగి మళ్ళీ మొదలవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రాత్రి బయల్దేరాలి. రెండు నెలల్లోపు బిడ్డకైతే జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా, పాలు మానేసినా ఆలస్యం చేయొద్దు.

108కి ఫోన్ చేయండి, అందులో ఆక్సిజన్ ఉంటుంది. చాలామంది బండి మీద వస్తారు. భర్త నడుపుతుంటే వెనక తల్లి, మధ్యలో చలిగాలి తగులుతుందని ముఖం మీద దాకా దుప్పటి కప్పిన బిడ్డ. తీరా దుప్పటి తీసి చూస్తే పెదవులు నల్లబడి ఉంటాయి. ఎప్పటి నుంచి అలా ఉందో ఎవరూ చెప్పలేరు. ఒళ్ళంతా కప్పండి, ముఖం మాత్రం వదిలేయండి.

నిలోఫర్‌కి వెళ్ళాలా, దగ్గర్లో ఉన్న ప్రైవేటుకా?

ఆయాసంలో ఉన్న బిడ్డకు మొదట కావాల్సింది ఆక్సిజన్. అది ఎక్కడ ముందు దొరికితే అక్కడికి వెళ్ళండి. లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ఉన్న నిలోఫర్ పిల్లల కోసమే ఉన్న ప్రభుత్వ పెద్దాసుపత్రి, గాంధీ ఆసుపత్రిలోనూ పిల్లల విభాగం ఉంది, రెండు చోట్లా వైద్యం ఉచితం. కానీ ఎల్బీ నగర్ అవతల ఉండి, బిడ్డ నీలంగా మారుతుంటే ఊరంతా దాటి వెళ్ళాలని పట్టుబట్టొద్దు. దగ్గర్లో ఆక్సిజన్ పెట్టించుకుని, ఊపిరి కుదుటపడ్డాక అంబులెన్స్‌లో తరలించొచ్చు. ప్రైవేటులో చేరితే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అడ్మిషన్ రోజే అక్కడ ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, అయితే ప్రతి జబ్బూ ప్రతి ఆసుపత్రిలోనూ అందులోకి రాదు. బిల్లు కట్టాక అడిగితే లాభం ఉండదు.

ముక్కులో నూనె చుక్కలు, ఛాతీకి కర్పూరం, స్నానం తర్వాత సాంబ్రాణి పొగ... అత్తమ్మ చేయమంటోంది. చేయొచ్చా?

మూడూ వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే అదే వేరే రకం నెమ్ము తెస్తుంది. కర్పూరం పసివాళ్ళ చర్మంలోంచి, ఊపిరిలోంచి ఒంట్లోకి వెళ్ళి ఫిట్స్ తెప్పించగలదు, కర్పూరం కలిసిన బామ్‌లు కూడా రెండేళ్ళలోపు వాడకూడదు. సాంబ్రాణి వాసన నాకూ ఇష్టమే, మా ఇంట్లో శుక్రవారం వేస్తారు, కానీ పొగ పొగే. ఆయాసం ఉన్న బిడ్డ గదిలో సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్, సిగరెట్ అన్నీ ఒకటే. మరిగే నీళ్ళతో ఆవిరి పట్టడం కూడా వద్దు. గిన్నె ఒలికి ఒళ్ళు కాలిన పిల్లల్ని చూశాను. పొట్ట మీద వాతలు పెట్టించే వాళ్ళు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. దానివల్ల పుండు తప్ప ఏమీ రాదు.

పెద్దావిడకు కూడా ఏదో ఒకటి చేయాలని ఉంటుంది కదా. మెడికల్ షాపులో దొరికే సెలైన్ చుక్కల సీసా ఆవిడ చేతికివ్వండి. పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు వేసే పని ఆవిడదే.

## అడ్మిట్ చేసిన రోజు

ఆక్సిజన్ పెట్టారు. అంటే సీరియస్సా సిస్టర్?

2021 కోవిడ్ వేవ్ చూసిన ఇళ్ళల్లో ఈ భయం ఇంకా పోలేదు. ఆక్సిజన్ అంటే ఆఖరి స్టేజీ అనుకుంటారు. పిల్లల వార్డులో అది మామూలు మందు లాంటిదే. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 90 కంటే తగ్గితే పెట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కొన్ని ఆసుపత్రులు ఇంకొంచెం ముందే మొదలుపెడతాయి. సన్నటి రెండు కొమ్ముల గొట్టం ముక్కు దగ్గర పెట్టి చిన్నపిల్లలకు నిమిషానికి ఒకటి, రెండు లీటర్లు ఇస్తే చాలామందికి సరిపోతుంది. అది చాలకపోతే వేడి చేసి, తడి కలిపిన గాలిని జోరుగా పంపే హై ఫ్లో, ఆ తర్వాత ఆగకుండా ఒత్తిడితో గాలి పంపి ఊపిరితిత్తులు ముడుచుకోకుండా చూసే సీప్యాప్. ఒక మెట్టు పైకి వెళ్ళినంత మాత్రాన చేయి దాటిపోయినట్టు కాదు. బిడ్డ అలసిపోకుండా ముందే చేయూత ఇస్తున్నారన్నమాట.

గొట్టం పీకేస్తుంటే బుగ్గలకు అంటించిన ప్లాస్టర్ సరిచేయమని మమ్మల్ని పిలవండి. పెదవులు ఎండుతున్నాయని వాసెలిన్ రాయొద్దు. ఇంకో మాట కూడా చెప్పాలి. దిష్టి తీసి మంచం పక్కనే కర్పూరం వెలిగించబోయిన వాళ్ళను నా సర్వీసులో మూడుసార్లు ఆపాను. ఆక్సిజన్ ఉన్న చోట నిప్పురవ్వ పడితే దుప్పటి క్షణంలో అంటుకుంటుంది. దిష్టి గేటు బయట తీసుకోండి.

కాలి వేలికి ఎర్ర లైటు పెట్టారు. అది కూతపెట్టినప్పుడల్లా నా గుండె ఆగుతోంది.

అది సాచురేషన్ కొలిచే ఆక్సీమీటర్. ముందు బిడ్డను చూడండి, తర్వాత మిషన్. రంగు బాగుండి, కాళ్ళు ఆడిస్తుంటే చాలావరకు ఆ కదలిక వల్లే మోగుతుంది. పాదం చల్లబడినా, గోరుకు రంగు ఉన్నా అంకె తప్పు చూపిస్తుంది. మేము అంకెతో పాటు తెర మీద కదిలే అల కూడా చూస్తాం. అది సాఫీగా లేకపోతే ఆ అంకెను నమ్మం. అదే వేలికి గంటల తరబడి ఉంచితే చర్మం కమిలిపోతుంది కాబట్టి చోటు మారుస్తుంటాం. మేము మర్చిపోతే గుర్తుచేయండి, ఏమీ అనుకోం. బిడ్డ రంగు మారి, మిషన్ కూడా మోగుతుంటే కేక వేయండి. లేచి కౌంటర్ దాకా నడిచి రావద్దు.

కరోనా టైంలో కొన్న పెద్దవాళ్ళ ఆక్సీమీటర్ పసివేలికి పెట్టి చూడటం దండగ.

సూది కోసం నాలుగుసార్లు గుచ్చారు. చేతకానివాళ్ళా?

బొద్దుగా ఉన్న ఏడు నెలల బిడ్డ చేతిలో నరం కంటికి కనబడదు, వేలితో తడిమి ఊహించాలి. పైగా బిడ్డకు ఒంట్లో నీరు తగ్గి ఉంటే ఆ నరమూ అణిగిపోతుంది. అయినా రెండుసార్లు కుదరకపోతే ఇంకొకరిని పిలవడం మంచి పద్ధతి. మీరు అడగొచ్చు, అడగడం తప్పు కాదు. క్యాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం) పెట్టాక ఆ చోటు ఉబ్బినా, ఎర్రబడినా, మందు ఎక్కిస్తుంటే బిడ్డ చేయి లాక్కుని ఏడ్చినా వెంటనే చెప్పండి. కట్టు కింద ఉబ్బు మాకంటే ముందు తల్లికే తెలుస్తుంది, బిడ్డను ఎత్తుకునేది ఆవిడే కాబట్టి.

నెబులైజర్ మాస్కు పెడితే గుక్కపట్టి ఏడుస్తోంది. ముఖానికి కాస్త దూరంగా పట్టుకోవచ్చా?

దూరంగా పడితే మందు గాలిలో కలిసిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి చేరేది నామమాత్రం. ఏడుస్తున్నప్పుడూ అంతే. ‘ఏడిస్తే మందు బాగా లోపలికి పోతుంది’ అని వార్డుల్లో ఒక మాట తిరుగుతుంది, అది తప్పు. ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి, ముందు మాస్కును బొమ్మలా ఆడనివ్వండి, ఫోన్‌లో పాట పెట్టండి. మాస్కు ముక్కు, నోరు కప్పి బుగ్గలకు ఆనాలి. స్టెరాయిడ్ మందు అయితే అయ్యాక ముఖం తడిగుడ్డతో తుడిచి, నోరు శుభ్రం చేయండి లేదా పాలు పట్టండి. లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది.

యాంటీబయాటిక్ ఇవ్వట్లేదు. డబ్బులు కట్టించుకుని ఊరికే పడుకోబెట్టారా?

రెండేళ్ళలోపు పిల్లల్లో జలుబుతో మొదలై పిల్లికూతలు, ఆయాసం దాకా వెళ్ళేది ఎక్కువగా బ్రాంకియోలైటిస్, అంటే ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గొట్టాల వాపు. ఆర్‌ఎస్‌వీ లాంటి వైరస్‌లు దానికి కారణం. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. నెబులైజర్ మందు కూడా ఈ జబ్బులో చాలామందికి ఉపయోగపడదు. ఇందులో వైద్యమంటే ముక్కు శుభ్రంగా ఉంచడం, ఆక్సిజన్ చూసుకోవడం, కడుపులోకి పాలు వెళ్ళేలా చేయడం, నిద్రపోనివ్వడం. చూసేవాళ్ళకు ఏమీ చేయనట్టే కనిపిస్తుంది, నిజానికి నర్సుకు చేతినిండా పని ఈ కేసుల్లోనే. సాధారణంగా మూడు నుంచి ఐదో రోజు మధ్య బాగా ముదిరి, అక్కడి నుంచి దిగుతుంది. రెండో రోజున చేర్పించిన వాళ్ళకు ‘ఆసుపత్రికి వచ్చాకే ఎక్కువైంది’ అనిపించేది అందుకే.

బ్యాక్టీరియా వల్ల వచ్చిన నెమ్ము సంగతి వేరు. దానికి యాంటీబయాటిక్ తప్పనిసరి. మీ బిడ్డది ఏదో డ్యూటీ డాక్టరును పేరు పెట్టి అడగండి.

## వార్డులో గడిపే రోజులు

ముక్కులో గొట్టం పెట్టి కఫం లాగుతున్నారు. అంత అవసరమా?

చూడటానికి కష్టంగానే ఉంటుంది. కానీ పసిబిడ్డ దాదాపు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. ముక్కు మూసుకుంటే ఊపిరి పీల్చాలా, పాలు తాగాలా అన్న పేచీ వస్తుంది. మొన్న నవంబరులో ఐదు నెలల పాప పొద్దుటి నుంచి రొమ్ము పట్టడం, వదిలేయడం, ఏడవడం. తల్లి పాలు పడటం లేదేమో అని కుమిలిపోతోంది. సెలైన్ చుక్కలు వేసి, నిమిషం ఆగి, సన్న గొట్టంతో ముక్కు పై భాగం మాత్రం లాగాను. జిగురుగా, దారంలా వచ్చింది. పాప రెండుసార్లు తుమ్మి, ముఖం చిట్లించి, తర్వాత పావుగంట వదలకుండా తాగింది. తల్లి పాలకు ఏ లోటూ లేదు.

పాలకు ముందు, నిద్రకు ముందు చేస్తాం, ఒక్కోసారి కొద్ది సెకన్లే. గంటకోసారి లాగమని అడగొద్దు. ఎక్కువ లాగితే ముక్కు లోపల వాచి ఇంకా మూసుకుంటుంది.

ఆకలికి ఏడుస్తుంటే పాలు పట్టొద్దంటున్నారు. ఇదేం వైద్యం?

నిమిషానికి 60, 70 సార్లు ఊపిరి పీల్చే బిడ్డకు మింగడానికి సందు దొరకదు, పాలు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. అందుకని ముక్కు నుంచి కడుపులోకి సన్న గొట్టం వేసి మీ పాలే పిండి ఇస్తాం, అదీ కుదరకపోతే సెలైన్. మాకు కళ్ళు కప్పి ఉగ్గుగిన్నెతో పాలు పోయడం నేను చూసిన పొరపాట్లన్నిటిలో ప్రమాదకరమైనది. ఈ రోజుల్లో తల్లి మూడు గంటలకోసారి పాలు పిండుతూ ఉండాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి. తల్లి తినాలి కూడా. బిడ్డ తినట్లేదని తనూ పస్తుండే అమ్మలే ఎక్కువ మా దగ్గర.

నోటితో పట్టొచ్చని చెప్పాక తల ఎత్తుగా పెట్టి, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టండి.

తడి డైపర్లు తూకం వేస్తున్నారెందుకు?

పొడి డైపర్ బరువు తీసేస్తే మిగిలిన ప్రతి గ్రాము సుమారు ఒక మిల్లీలీటరు మూత్రం. లోపలికి ఎంత వెళ్ళింది, బయటికి ఎంత వచ్చిందన్న లెక్కను బట్టే సెలైన్ పెంచాలా, తగ్గించాలా అన్నది తేలుతుంది. కాబట్టి డైపర్ బకెట్లో పడేయకుండా మాకు చూపించండి. గుడ్డలు వాడితే ఎన్నిసార్లు తడిపాడో కేస్ షీట్ పక్కన గీతలు గీసినా చాలు.

వీపు మీద తట్టి కఫం వదిలించండి సిస్టర్.

పెద్దవాళ్ళలో, కొన్ని ప్రత్యేక జబ్బుల్లో పనికొస్తుంది. మామూలు నెమ్ములో, బ్రాంకియోలైటిస్‌లో పసివాళ్ళకు దానివల్ల లాభం కనిపించలేదు, అలసట మాత్రం మిగులుతుంది. ఎత్తుకుని భుజాన వేసుకోండి, అంతకు మించి అక్కర్లేదు.

ఊరి నుంచి చుట్టాలు చూడ్డానికొస్తామంటున్నారు.

వీడియో కాల్ చేయమనండి. పెద్దవాళ్ళలో చిన్న జలుబుగా ఉండే ఆర్‌ఎస్‌వీ పక్క మంచంలో నెలన్నర బిడ్డను ఐసీయూకి పంపగలదు. అది మంచం రాడ్ల మీద, బొమ్మల మీద గంటల తరబడి బతుకుతుంది. ఒక్క మనిషి ఉండండి, బిడ్డను ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక చేతులు కడగండి. మేము కడగకుండా ముట్టుకుంటే ‘సిస్టర్, చేతులు’ అనండి.

## డిశ్చార్జి, ఆ తర్వాత

ఎప్పుడు పంపిస్తారు? జ్వరం పోయింది కదా.

ఆక్సిజన్ తీసేశాక నిద్రలో కూడా సాచురేషన్ నిలబడాలి, డొక్కలు ఎగరడం తగ్గాలి, మామూలుగా తాగే పాలలో ముప్పాతిక వంతైనా తాగాలి. మెలకువలో 97 ఉండి గాఢనిద్రలో పడిపోయే పిల్లలుంటారు, అందుకే ఇంకో రాత్రి ఉండమంటారు. మంచిరోజు కాదని ఉండిపోవడం, అమావాస్య ముందే వెళ్ళిపోతామని సంతకం పెట్టి వెళ్ళడం రెండూ చూస్తుంటాం. రెండోది భయపెడుతుంది.

జ్వరం మందు ఎంత పోయాలి?

నా పొరపాటు ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ కిందట రద్దీలో ఒక తండ్రికి ‘జ్వరమొస్తే పారాసిటమాల్ 5 ఎంఎల్’ అని నోటిమాటగా చెప్పి పంపాను. బిడ్డ 8 కిలోలు. 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములు ఉండే సిరప్ నా మనసులో ఉంది. షాపులో ఆయనకు ఇచ్చింది డ్రాప్స్, అందులో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు. 5 ఎంఎల్ పోశాడు, అంటే ఇవ్వాల్సినదానికి నాలుగు రెట్ల పైమాట. సీసాతో పాటు డ్రాపర్ ఎందుకు ఇచ్చారో అనుమానమొచ్చి ఆయనే ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. పిలిపించి గమనించాం, బిడ్డకు ఏమీ కాలేదు. అప్పటి నుంచి ఎంఎల్ ఒక్కటే చెప్పడం మానేశాను. సీసా మీద బలం ఎంత, బిడ్డ బరువు ఎంత అన్నవి కాగితం మీద రాసిస్తాను.

కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకు నాలుగుసార్లు మించొద్దు. 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములు ఉండే సిరప్ కూడా షాపుల్లో ఉంటుంది. టీస్పూన్‌తో కాకుండా సీసాతో వచ్చిన కొలతతోనే పోయండి.

యాంటీబయాటిక్ పొడి సిరప్ ఎలా కలపాలి?

కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు సీసా మీద గీత దాకా పోసి, బాగా కుదిపి, తగ్గితే మళ్ళీ గీత దాకా నింపాలి. పోసే ప్రతిసారీ కుదపాలి. కలిపాక ఎన్ని రోజులు వాడొచ్చో లేబుల్ మీద ఉంటుంది. మిగిలింది పారేయండి, వచ్చే నెల జలుబుకు దాచొద్దు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు.

ఇంటికొచ్చి వారమైంది, దగ్గు పోలేదు. సిరప్ వాడమంటారా?

దగ్గు రెండు మూడు వారాలు ఉంటుంది. ఆడుకుంటూ, తింటూ ఉంటే కంగారు పడొద్దు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం ఉన్నట్టు తేలింది. అదే అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వొద్దని, ఐదేళ్ళలోపు కూడా మామూలుగా అవసరం లేదని చెప్పింది. కల్తీ లేకపోయినా ఆ వయసులో వాటివల్ల ఒరిగేది పెద్దగా లేదు. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు, ఏడాదిలోపు తేనె నాకించొద్దు. మళ్ళీ ఊపిరి వేగం పెరిగినా, జ్వరం తిరగబెట్టినా, పాలు మానేసినా వెనక్కి తీసుకురండి.

స్నానం చేయించొచ్చా? అరటిపండు, పెరుగు పెట్టొచ్చా?

గోరువెచ్చని నీళ్ళతో, గాలి తగలని చోట, గబగబా చేయించేయండి. అరటిపండు, పెరుగు నెమ్ము చేస్తాయనడానికి ఆధారం లేదు. జబ్బుపడి లేచిన బిడ్డ ఏది తింటే అది పెట్టండి. నాలుగు ముద్దలు ఎక్కువ తింటే అదే పదివేలు.

ఇంట్లో నెబులైజర్ కొనాలా?

ఒక్కసారి వచ్చినదానికి వద్దు. మళ్ళీ మళ్ళీ పిల్లికూతలు వచ్చే పిల్లలకు డాక్టర్లు చాలావరకు స్పేసర్‌తో (ఇన్హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) ఇన్హేలర్ రాస్తారు. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాగులో పడుతుంది.

జబ్బులో టీకా తేదీ దాటిపోయింది. మళ్ళీ మొదటి నుంచి వేయించాలా?

అక్కర్లేదు, ఆగిన చోటి నుంచి వేస్తారు. న్యుమోనియాను అడ్డుకునే పీసీవీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు. జ్వరం పూర్తిగా తగ్గాక డిశ్చార్జి కాగితం, టీకా కార్డు రెండూ పట్టుకుని మీ పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. కార్డు పోయిందంటే అక్కడి ఏఎన్‌ఎం (టీకాలు వేసే నర్సు) రిజిస్టర్‌లో చూసి రాసిస్తుంది.